బుజ్జమ్మ నిద్ర, గోవిందప్ప తొందర

నిద్రపోయింది. నటన కాదు, నిజం నిద్రే. పిడికిలి విడింది, బొటనవేలు నోట్లోంచి జారి గడ్డం మీద వాలింది, పెదవి చివర చొంగ చుక్క ఒకటి కిందికి దిగాలా వద్దా అని ఆలోచిస్తూ అక్కడే ఆగింది. పైనున్న అద్దాన్ని వంచుకుని వెనక సీటు వైపే చూస్తున్న గోవిందప్ప, తన ఊపిరి చప్పుడుకు పిల్ల ఎక్కడ లేస్తుందోనని దాన్ని కూడా కొంచెం కొంచెంగా వదులుతున్నాడు. ఏడు నెలల పిల్ల. పేరు రసజ్ఞ, తాత నోటికి మాత్రం బుజ్జమ్మ. మొన్న సూదిమందు వేయించిన దగ్గర్నుంచి జ్వరం, రెండు రాత్రులు ఇల్లంతటికీ జాగారం. ఇవాళ బాచుపల్లిలో మొదలెట్టిన ఏడుపు దారిపొడవునా సాగి, రాయదుర్గం మెట్రో స్టేషన్ దాటి, ఈ అద్దాల ఆఫీసు పక్కన బండి ఆపిన రెండో నిమిషాన ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది. ఆ నిద్ర ఎంత ఖరీదైందో తెలిసినవాడు గనక గోవిందప్ప కదలడు, దగ్గడు, తుమ్మడు. ముప్పై నాలుగేళ్ళు బస్సు తోలినవాడికి ఒక గంట కూర్చోవడం ఒక లెక్కా అనుకున్నాడు. అలా అనుకున్నాడో లేదో, పొత్తికడుపు దిగువన ఎవరో మెల్లగా తలుపు తట్టారు.

మొదటిసారి తట్టినప్పుడు ఇంట్లో ఎవరూ లేనట్టు ఊరుకున్నాడు. పొద్దున మింగిన బీపీ మాత్ర నీళ్ళు తీసే రకం. షుగరు పన్నెండేళ్ళ చుట్టం. ఇవి చాలనట్టు, ఎండదెబ్బ తగలకూడదని భార్య చెన్నమ్మ బయల్దేరేముందు దగ్గర నిలబడి రెండు గ్లాసుల మజ్జిగ తాగించింది. ముగ్గురూ కలిసి ఒక ముసలివాడి మీద పడ్డారు. ఎదురుగా ఆఫీసువాళ్ళు ముచ్చటపడి కట్టించుకున్న ఫౌంటెన్ ఒకటి, మూడు మెట్ల మీదుగా దూకుతూ, ఆగి, మళ్ళీ దూకుతూ ఉంది. దాని పక్క గడ్డికి పైపుతో నీళ్ళు పడుతున్నారు. రోడ్డు మీద వాటర్ ట్యాంకర్ ఒకటి దారంతా కార్చుకుంటూ వెళ్ళింది. మే నెల, హైదరాబాదులో నీళ్ళకు కటకట అని పేపర్లు రాస్తాయిగాని, గోవిందప్పకు ఆ పూట ఎటు చూసినా నీళ్ళే. కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే చప్పుడు ఇంకా బాగా వినపడింది. ఒకప్పుడు తనెట్లాంటివాడు! కదిరిలో సీటెక్కితే బెంగుళూరులోనే దిగడం. తోటి డ్రైవర్లకు చెప్పేవాడు కదా, తాను దారిలో దిగితే వంకలు పొంగి ఊళ్ళు మునుగుతాయని, అందుకే పెద్ద ఆఫీసర్లే వచ్చి దిగొద్దని చేతులు పట్టుకున్నారని, ఒక్క కరువేడాది మాత్రం రైతులు కాళ్ళావేళ్ళా పడితే దిగాడని, ఆ చేలో ఎకరాకు ఇరవై మూటల వేరుశనగ పండిందని. ఎవరైనా నవ్వకపోతే ముప్పై మూటలు చేసేవాడు. ఇప్పుడు ఆ మహానుభావుడు మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, స్టీరింగు పట్టుకుని, బడిపిల్లాడిలా పెదవి కొరుక్కుంటున్నాడు.

ఒంటిగంటకు భార్గవి దిగి రావాలి. ఆరు నెలల సెలవు అయిపోయి కూతురు ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టి ఇది మూడో వారం. పిల్ల సీసా నోట పెట్టనివ్వదు. అల్లుడు వంశీ కంపెనీ పని మీద పుణెలో ఉన్నాడు. అందుకని రోజూ మధ్యాహ్నం తాత బండి తోలుకొస్తాడు, తల్లి కిందికొచ్చి వెనక సీట్లో కూర్చుని పాలిచ్చి మళ్ళీ పైకి పోతుంది. చెన్నమ్మ కూడా వచ్చేదే. రెండు రాత్రుల జాగారానికి ఇవాళ ఆవిడే పడకేసింది. భార్గవి పెట్టిన మెసేజ్ అరగంటగా సెల్లులో ఉంది: "రివ్యూ లేటవుతాంది నాయనా. రెండవుతుందేమో. ఫోన్ చేయద్దు, ఏమన్నా ఎమర్జెన్సీ అయితేనే." ఎమర్జెన్సీ అంటే ఏమిటో గోవిందప్ప ఆలోచించాడు. తనది ఎమర్జెన్సీయే. కానీ సెలవు తర్వాత మొదటిసారి పెద్ద ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడుతున్న కూతురికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? ఆ పిల్లను డిగ్రీకి హాస్టల్లో దించినప్పుడు కూడా ఏడుపును తలపాగా మడతల్లో దాచుకున్న మనిషి, ఇది చెప్తాడా? పొద్దున ఆమె మెట్లు దిగుతూ అన్న మాట ఇంకొకటి ఉంది. "పాపను ఒక్క నిమిషం కూడా కారులో ఒగతే వదలద్దు నాయనా. ఒక్క నిమిషం. ఒట్టు పెట్టు." నలభై సీట్ల బస్సును కనుమలో తిప్పినవాణ్ణి పట్టుకుని ఒట్టు పెట్టమంటుందేమిటని నొచ్చుకున్నాడు. అయినా పెట్టాడు.

రెండోసారి తట్టిన చప్పుడు గట్టిగా వినపడింది. మరుగుదొడ్డి కనపడుతూనే ఉంది, అదీ అసలు బాధ. గేటు దగ్గర సెక్యూరిటీ గది, దాని వెనక ఆకుపచ్చ తలుపు, తలుపు మీద మీసాల మగవాడి బొమ్మ. ఆ మీసాలవాడు గోవిందప్పనే చూసి నవ్వుతున్నాడు. ఎన్ని అడుగులు? ఎనభై. పోనీ తొంభై. వెళ్ళడానికి ఒక నిమిషం, రావడానికి ఒక నిమిషం, నడిమి పని వయసులో ఉన్నప్పుడైతే అర నిమిషం, ఇప్పుడైతే దేవుడి దయ. మొత్తం మీద నాలుగు. నాలుగు నిమిషాల్లో ఏమవుతుంది? పిల్ల సీటుకు బెల్టుంది, ఒడిలో చెన్నమ్మ పెట్టిన అడకత్తెర ఉంది. బిడ్డను ఒంటరిగా ఉంచాల్సి వస్తే పక్కన ఇనుము పెట్టల్ల, గాలీ ధూళీ దగ్గరికి రావు అని ఆవిడ నమ్మకం. కత్తెరో తాళంచెవో ఏదో ఒకటి పెట్టనిదే పిల్ల పక్కనుంచి లేవదు. అడకత్తెర ఎందుకే, కారు మొత్తం ఇనుమే కదా, ఇంతకన్నా పెద్ద రక్ష ఏ బిడ్డకుంది అని మొన్న ఆటపట్టిస్తే మూతి తిప్పుకుంది. ఇప్పుడు అదే మాట వేళాకోళం లేకుండా మనసులో తిరిగింది. అవును, కారంతా ఇనుమే. ఇంకా లోపలికి పోతే, అసలు ఆ ఆచారం ఎందుకు పుట్టింది? బిడ్డను ఎప్పుడూ వదలనివాళ్ళకు ఇనుముతో పనేముంది? కలుపుకు పోవాలి, కట్టెలకు పోవాలి, నీళ్ళకు పోవాలి, చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, అందులో ఒక కొడవలి పెట్టి, వెనక్కి చూసుకుంటూ పోయినవాళ్ళు పెట్టిన ఆచారం అది. తన తల్లి తనను అలాగే వదిలింది. చెన్నమ్మ భార్గవిని ఉయ్యాల్లో వేసి కుళాయి దగ్గర వరుసలో నిలబడలేదూ? అందరూ వదిలినవాళ్ళే, అందరూ వచ్చి చూసుకుంటే బిడ్డలు ఉన్నారు. మరి ఒక్క గోవిందప్ప నాలుగు నిమిషాలు పోతే ఆకాశం విరిగి పడుతుందా?

అయితే చెట్టు కింద ఉయ్యాలకు గాలి ఆడుతుంది. ఈ కారుకు గాలి ఆడాలంటే ఇంజను తిరుగుతూ ఉండాలి. ఇంజను ఆపితే పది నిమిషాల్లో లోపల పెనమే. కారు బానెట్ మీద కోడిగుడ్డు అట్టు వేస్తున్న వీడియో ఒకటి మొన్న వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపించింది ఎవరు? తనే. సరే, ఇంజను తిప్పుతూనే ఉంచి పోదామా. తాళంచెవి జేబులో వేసుకుని దిగితే ఈ అల్లుడి కారు పీపీమని అరుస్తుంది, ఆ మధ్య అపార్ట్‌మెంట్ అంతా బాల్కనీల్లోకి వచ్చింది. తాళంచెవి లోపల పెట్టి దిగితే దానంతటదే తాళం పడుతుందేమో, పడదేమో, వంశీ ఏదో చెప్పాడు, ఎన్నోసారి నొక్కితే ఏమవుతుందో చెప్పాడు, అప్పుడు తాను పెసరట్టు తింటున్నాడు. ఎవడైనా వచ్చి తలుపు తీసి, తిరుగుతున్న బండి తోలుకుపోతే? ఇక్కడ ఎవరికీ అంత తీరిక లేదులే. మెడల్లో బిళ్ళలు వేలాడేసుకుని, చెవుల్లో పుల్లలు పెట్టుకుని, గాలితో మాట్లాడుకుంటూ పోతున్నారు. మూడోసారి తట్టలేదు. తలుపు మీద భుజం పెట్టి తోశారు. గోవిందప్ప తాళంచెవిని గ్లాసు పెట్టుకునే గుంటలో వదిలాడు, పిల్లకేసి ఒకసారి చూశాడు, చెయ్యి తలుపు పిడి మీద పడింది, తలుపు తెరుచుకుంది, వేడి గాలి ముఖం మీద గుడ్డలా పడింది, కుడికాలు బయటికి వెళ్ళి నేలకు ఆనింది.

ఆ కాలు నేలకు ఆనిన తీరు ఎక్కడో తెలిసినది. చెప్పు కింద కంకర కదిలిన చప్పుడు, వెనక ఇంజను గుర్రుమనడం, మండే ఎండ, నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాలే అన్న ధీమా, అన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. బస్సు కథ. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, టీ బంకుల్లో, రైళ్ళలో గోవిందప్ప చెప్పుకొస్తున్న కథ. ప్రైవేటు బస్సు, కనుమ మీద ఆగింది, డ్రైవరు దిగాడు, ఎంతకీ రాకపోయేసరికి బస్సుకు విసుగు పుట్టి తనంతట తానే బయల్దేరింది. మలుపు దగ్గర హారన్ కొట్టింది. దిగువ ఊళ్ళో ఆగింది, ఇద్దరెక్కారు, ఒకడు డబ్బులు లేవంటే వాణ్ణి దించేసి మరీ కదిలింది. డ్రైవరు అడ్డదారిన పరిగెత్తి చెరువు గట్టు దగ్గర చెయ్యెత్తితే, సీట్లు లేవు వెనక బండికి రా అంది. ఈ మాటకు నవ్వనివాడు ఇంతవరకు పుట్టలేదు. నిజం మాత్రం చాలా చిన్నది. రేడియేటరు కాగిపోయి బస్సు ఆగింది. కండక్టరు రామబ్రహ్మం బిందె తీసుకుని వంకలోకి దిగాడు. జనమంతా నీడ వెతుక్కుంటూ దిగారు. గోవిందప్ప ఇంజను ఆపకుండా, టైరుకు రాయి పెట్టకుండా, ఎంతసేపని, తుప్ప వెనక్కి వెళ్ళాడు. తిరిగి చూసేసరికి బస్సు మెల్లగా వెనక్కి జారుతోంది. లోపల పొడుగు సీటు మీద ఒక వెదురుబుట్ట. బుట్టలో ఎవరిదో బిడ్డ, నిద్రలో. తల్లి నీళ్ళకని అప్పుడే దిగింది. ఆమె అరవలేదు. నోరు తెరిచింది, శబ్దం రాలేదు, ఆ తెరిచిన నోరు గోవిందప్ప ఇప్పటికీ కల్లో చూస్తాడు. వంకలోంచి పైకొస్తున్న రామబ్రహ్మం బిందె విసిరేసి, రాయి ఎత్తి, చక్రం కిందికి తోసి తానూ పడ్డాడు. ఇంకొక్క బారెడు జారితే లోయ. బిడ్డ లేవను కూడా లేదు. ఆ రాత్రి రామబ్రహ్మం, ఎవరితోనూ అనకు అన్నా, అని చెప్పాడు. గోవిందప్ప అనకుండా ఉండలేక, దాన్ని కథ చేశాడు. కథలో హారన్ పెట్టాడు, చెరువు గట్టు పెట్టాడు, సంవత్సరానికో కొత్త స్టాపు పెట్టాడు. బుట్టను మాత్రం ఏనాడూ ఎక్కించుకోలేదు.

కాలు లోపలికి తీసుకున్నాడు. తలుపు వేశాడు. పోడు. అయిపోయింది, ఇంక దాని మీద చర్చ లేదు, తడిస్తే ప్యాంటు తడుస్తుంది, ఉతికితే పోతుంది. అలా తీర్మానం చేసుకున్నాక మనసు తేలికపడిందిగాని, కింద ఉన్నవాడికి తీర్మానాలు తెలియవు. ఖాళీ నీళ్ళసీసా వైపు చూశాడు. నాలుగు వైపులా గాజు, గాజుకవతల ఆడపిల్లలు, పై నుంచి కెమెరా, ఛీ. పిల్లను ఎత్తుకుని పోదామంటే బెల్టు విప్పితే లేస్తుంది, లేచినా ఫరవాలేదు, లోపలికి పోయాక ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో ప్యాంటు, పిల్లను ఎక్కడ పెట్టాలి? కూతురికి ఫోన్ కలిపి, ఒక్క రింగు పూర్తి కాకముందే కట్ చేశాడు. సెక్యూరిటీ గది దగ్గర నీలం యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఉంది. అద్దం దించి చెయ్యి ఊపాడు. ఆమె చూసి, మర్యాదగా, తానూ చెయ్యి ఊపింది. కేకేద్దామంటే ట్రాఫిక్ రొద. ఇక మిగిలింది ఒకటే. ఎదురుగా బోర్డు మీద బాకా బొమ్మకు అడ్డంగా ఎర్రగీత. గోవిందప్ప అద్దంలో పిల్లను చూసుకున్నాడు. రెండు రోజుల తర్వాత వచ్చిన నిద్ర, తల్లి చేతిలో పెట్టాల్సిన నిద్ర. లేస్తే లెయ్యి తల్లీ, ఏడిస్తే ఏడువు, నా కళ్ళ ముందర ఏడువు. టీ బంకులో కూర్చున్న కండక్టర్‌ను పిలిచే హారన్ ఒకటుంది, ఒకటి పొడుగు, రెండు పొట్టి. అరచెయ్యి స్టీరింగు నడిమిన పెట్టి, నలభై సీట్ల బస్సు తోలినవాడిలాగే నొక్కాడు.

అద్దాల వీధంతా ఉలిక్కిపడింది. చెవుల్లోంచి పుల్లలు తీసి జనం చూశారు. గోవిందప్ప కళ్ళు గట్టిగా మూసుకుని ఏడుపు కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఒక కన్ను తెరిచాడు. బుజ్జమ్మ ఒకసారి మూతి చప్పరించి, తల అటు తిప్పుకుని, ఇంకా హాయిగా పడుకుంది. రెండు రోజులుగా ఈ పిల్ల నిద్ర కోసం ఇంట్లో కుక్కరుకు విజిల్ పెట్టలేదు, కాలింగ్ బెల్లు పీకేశారు, చెన్నమ్మ తుమ్మడానికి మెట్ల మీదికి పోతోంది!

నీలం యూనిఫాం పరుగున వచ్చింది. జేబు మీద బిళ్ళపై ప్రవీణ అని ఉంది.

"ఏంది పెద్దాయనా, గిట్ల హారన్ కొడతవా? లోపల మీటింగులు నడుస్తున్నయి. నా నౌకరి పోగొడతవా ఏంది?"

గోవిందప్పకు చెప్పడానికి మొహమాటం, చెప్పకపోతే ప్రాణగండం. తనకు తెలియకుండానే చెయ్యి పైకి లేచింది, నాలుగు వేళ్ళు ముడుచుకుని చిటికెన వేలు ఒక్కటి నిలబడింది. ఒకటో తరగతిలో అయ్యవారి ముందు నిలబెట్టినట్టే.

ప్రవీణ ఆ వేలు చూసింది, ముఖం చూసింది, వెనక సీటు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. "అయ్యో, గిందుకా! పో, జల్ది పో. పాప తాన నేను కూసుంట."

"నువ్వెవరో ఏమో తల్లీ, ఏమనుకోవద్దు..."

"నేను కారు తోల్కపోతననా? నాకు సైకిలే రాదు. బోరబండల ఉంటం, నా కొడుక్కు గూడ తొమ్మిదో నెల నడుస్తుంది, రోజు మా అత్త తాన ఇడిసిపెట్టి వస్త. గా ఫికర్ నాకెరుక లేదా? ఇగో, నా సెల్లు నీ తాన పెట్టుకో. నా పానమంత దాంట్లనే ఉంది. పో, ఇగ ఆగకు!"

పెచ్చులూడిన ఆ సెల్లు ఆయన చొక్కా జేబులో వేసి, షూ విప్పి, వెనక సీట్లోకి ఎక్కి తలుపు వేసుకుంది. షూ విప్పి ఎక్కిందని చూసినప్పుడే గోవిందప్పకు నమ్మకం కుదిరింది. ఆపైన ఆయన ఎనభై అడుగుల్ని ఎన్ని అడుగుల్లో దాటాడో చెప్పడం కష్టం. ఆకుపచ్చ తలుపు, చల్లటి పాలరాయి, ఒక నిట్టూర్పు, వెంకటరమణా, గోవిందా, లోకం ఇంత విశాలమైనదా, మనుషులు ఇంత మంచివాళ్ళా, ఈ అద్దాల మేడలు ఎంత అందంగా ఉన్నాయి, ఈ గోడకు ఎంత తెల్లటి పలకలు వేశారు, కట్టిన మేస్త్రీ చల్లగా ఉండాలి. ఎంతసేపటికీ మనిషి కదలకపోయేసరికి లోపల ఎవరూ లేరనుకుని లైటు దానంతటదే ఆరిపోయింది. చీకట్లో నిలబడి, ఒక చెయ్యి పైకెత్తి బస్సాపుతున్నట్టు ఊపాడు. వెలిగింది. మళ్ళీ ఆరింది. మళ్ళీ ఊపాడు. తనలో తనే నవ్వుకున్నాడు.

బయటికొచ్చి తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ చూసేసరికి కారు పక్కన భార్గవి నిలబడి ఉంది. మెడలో బిళ్ళ పక్కకు తిరిగిపోయి, చేతిలో సెల్లు, ఊపిరి అందక. అర రింగుకే భయపడి మీటింగులోంచి లేచి వచ్చినట్టుంది. గోవిందప్ప దగ్గర చెప్పడానికి మూడు కథలు సిద్ధంగా ఉన్నాయి, మూడూ మంచివే. దగ్గరికి పోయేసరికి ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒంటికి పోయొస్తినమ్మా. ఆగలేకపోతి. పాపను ఒగతే మాత్రం వదల్లే."

ప్రవీణ కిటికీలోంచి తల బయట పెట్టింది. "అవ్ మేడం, ముసలాయన మీద గరం కాకుండ్రి. కాలు బయట పెట్టి మళ్ళ లోపలికి గుంజుకున్నడు, నేను ఆడ్నుంచి చూస్తనే ఉన్న. పరేషాన్ అయిపోయిండు పాపం."

భార్గవి తండ్రిని చూసింది, ఆమెను చూసింది. నవ్వబోయి, ముఖం ముడుచుకుని, కారుకు ఆనుకుని ఏడ్చేసింది.

"నేను వదిలినా నాయనా." గొంతు ఎంత చిన్నదంటే ఆయన వంగి వినాల్సి వచ్చింది. "పోయిన శనివారం. మందుల షాపు కాడ. నిద్రపోతాంది కదా అని. లోపలికి పోతే ముందర నలుగురుండారు. నేను తిరిగి రాకుండా ఆడనే నిలబడినా. ఎవురికీ చెప్పలే. వంశీకి కూడా. రోజూ రాత్రి అదే గుర్తొస్తాంది."

అందుకా ఒట్టు పెట్టించుకుంది. తన మీద అపనమ్మకం అనుకుని పొద్దున్నుంచీ మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు తిక్కవాడు.

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు. కాదు, ఐదు."

"వచ్చేతలికి ఏం చేస్తాండె?"

"నిద్రపోతాండె."

"అయితే దానికి తెల్దు, మీ అమ్మకు తెల్దు, ఇప్పుడు నాకు తెలిసె. నేను అందరికీ చెప్తాలే. ఐదు నిమిషాల్ని ఐదు రోజులు చేసి, పులిని కూడా పెట్టి చెప్తా. ఆపైన ఒక్కరన్నా నమ్ముతారేమో చూద్దాం."

"నాయనా!" అని భుజం మీద ఒకటి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉంచేసింది. బరువుగా ఉంది ఆ చెయ్యి, కాసేపటికి తేలికైంది.

అప్పుడు లేచింది బుజ్జమ్మ. హారన్‌కు లేవనిది తల్లి గొంతుకు లేచి, వీధి రెండో చివరికి వినపడేలా అందుకుంది. ప్రవీణ దిగి షూ తొడుక్కుని, తన సెల్లు తీసుకుని, బుగ్గ గిల్లి పోయింది. భార్గవి లోపలికెక్కి, అద్దాలకు తెరలు దించుకుంది. ఏడుపు ఆగింది. ఒక్క అంగుళం అద్దం దించి, "యాడికీ పోవద్దు నాయనా, ఈడనే ఉండు" అంది.

"యాడికి పోతా తల్లీ," అన్నాడు గోవిందప్ప కారుకు వీపు ఆనించి, ఫౌంటెన్‌ను మొదటిసారి ఇష్టంగా చూస్తూ, "ఇంకో గంట దాకా నాకేం పనీ లేదు."